పేరు మారిన పరిమళం

జంషెడ్‌పూర్‌లో టెల్కో కర్మాగారానికి పొరుగున ఉన్న ప్రాంతం గోవింద్‌పూర్. ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఉక్కునగరానికి తరలివచ్చిన ఒక తెలుగు కుటుంబం అక్కడ మూడు తరాలుగా స్థిరపడి ఉంది. ఆ ఇంటి కోడలు ఊరినుంచి తెచ్చిన వెనిల్లా అంబర్ సెంటును అత్తగారి మణికట్టుపై చల్లి, "ఎలా ఉంది అత్తయ్యా?" అని అడిగింది. "ఐస్‌క్రీము వాసన. అప్పుడే ఏం చెప్తానమ్మా, సాయంత్రం అడుగు" అన్నదామె.

పరిమళాన్ని తూచవలసిన పద్ధతి అదే. సీసా మూత తీసిన క్షణాన పలకరించేది ఆల్కహాలు, తేలికపాటి తైలాలు మాత్రమే. అవి కొద్ది నిమిషాలలో ఆవిరైపోతాయి. బరువైన వెనిలిన్, చెట్టు జిగుర్లు ఒంటి వెచ్చదనానికి మెల్లగా విచ్చుకుని గంటల తరబడి నిలుస్తాయి. తొలి రౌండు ఓట్లు చూసి విజేతను ప్రకటించే తొందర ఇక్కడా చెల్లదు.

సాయంత్రం ఆమె తీర్పు వెలువడింది: "ఇందులో మన సాంబ్రాణి ఉందే!" ముక్కు మోసపోలేదు. అంబర్ అన్న పేరు వినగానే శిలాజమైన చెట్టు జిగురో, తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రిసో గుర్తుకు రావచ్చు. అంబర్‌గ్రిస్ వ్యాపారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో నిషిద్ధం. సెంటు సీసాలోని అంబర్ సాధారణంగా ఈ రెండూ కాదు. మధ్యధరా తీరపు పొదల నుంచి తీసే లాబ్దానం, సాంబ్రాణి, వెనిల్లా కలిసిన మిశ్రమానికి అది పేరు. సాంబ్రాణిలో సహజంగానే కొంత వెనిలిన్ ఉంటుంది గనుకనే ఆ రెండింటికీ పొత్తు కుదిరింది. మంచి మిశ్రమంలో తీపి వెనుక పొగ, స్వల్పమైన చేదు వినిపిస్తాయి. నాసిరకానిలో చక్కెర తప్ప మరేదీ మిగలదు.

ఈ తీపికి చరిత్ర ఉంది. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు వెనిల్లా పువ్వును చేతితో పరాగసంపర్కం చేసే సులభమైన ఉపాయాన్ని కనిపెట్టాడు. మెక్సికో వెలుపల వెనిల్లా సాగు వాణిజ్యంగా ఎదగడానికి ఆ ఉపాయమే ఆధారం. 1848లో అతనికి స్వేచ్ఛ లభించింది. సంపదలో వాటా మాత్రం దక్కలేదు. 1880లో పేదరికంలోనే కన్నుమూశాడు. అంతకు ఆరేళ్ల ముందే జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో వెనిలిన్‌ను తయారుచేశారు. 1925లో పారిస్‌కు చెందిన గెర్లాన్ సంస్థ వెనిల్లా ప్రధానమైన తన పరిమళానికి మొగలుల తోట పేరిట షాలిమార్ అని నామకరణం చేసింది. ఇటువంటి పరిమళాలన్నింటినీ పాశ్చాత్య వ్యాపారం చాలాకాలం 'ఓరియంటల్' అనే పిలిచింది. తూర్పు దేశాలంటే మత్తు, మోహం, విలాసం అన్న ఊహకు అది సీసా రూపం.

2021లో ప్రముఖ పరిమళ వర్గీకరణకర్త మైకేల్ ఎడ్వర్డ్స్ ఆ పదాన్ని తొలగించి 'అంబర్' అని మార్చాడు. ఆ మార్పు సబబే. అవమానకరమైన మాట పోవలసిందే. అయితే పేరు మారినంత మాత్రాన లెక్క సరిపోదు. వెనిల్లా పువ్వును నేటికీ మడగాస్కర్ రైతులు ఒక్కొక్కటిగా చేతితోనే ఫలింపజేస్తున్నారు. పరిమళాన్ని తూచేటప్పుడు చర్మంపై సాయంత్రం దాకా నిలిచిందేమిటో చూడటం ఎంత అవసరమో, ఆ తీపి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, అందులో వారికి దక్కిందెంతో అడగటమూ అంతే అవసరం.