విమానం దిగిన తర్వాత

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. కామాటిపురలో మా చాల్ ఆ రాత్రి నిద్రపోలేదు. కరీంనగర్ నుంచి వచ్చి, మా గదిలోనే నెలరోజులు ఏజెంటు పిలుపుకోసం కాచుకుని కువైట్ వెళ్ళిన చిన్నాయన అక్కడే ఉన్నాడు.

మన విదేశాంగమంత్రి గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాం హుస్సేన్‌ను కౌగిలించుకుంటే చాలామంది తప్పుపట్టారు. మా అమ్మ మాత్రం, "మనోళ్ళు బయటపడాలంటే ఎవల కాళ్ళయినా పట్టుకోవాలె" అన్నది.

ఎడారి దాటి జోర్డాన్ చేరినవాళ్ళను అమ్మాన్ నుంచి ఎయిరిండియా బొంబాయికి తెచ్చింది. 59 రోజులు, 488 విమానాలు, లక్షమందికి పైగా జనం. ఇది చిన్న పని కాదు.

సెప్టెంబరులో చిన్నాయన గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి నడిచివచ్చాడు. చేతిలో ఒక సంచి. ఊరికి రైలెక్కమంటే ఎక్కలేదు. ఏజెంటుకు కట్టిన అప్పు అక్కడ వడ్డీతో కూర్చుంది.

"సర్కారు పానం తెచ్చింది బిడ్డా, పైసలు అక్కడ్నే ఉండిపాయె" అన్నాడు. మూడేళ్ళు మా గదిలోనే ఉండి కూలిచేసి అప్పు తీర్చాడు.

అట్లా వచ్చేసినవారికి ఐక్యరాజ్యసమితి 2,500 డాలర్ల నుంచి పరిహారం ఇప్పించింది. చిన్నాయన అడగలేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. ఆ కాగితం లేకుండా అడగవచ్చని మాలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఏ యుద్ధమొచ్చినా ఎంతమందిని తెచ్చారో టీవీలు చెబుతాయి. ఆ లెక్క వింటూ నేను, వాళ్ళకు ఊళ్ళో ఎంత అప్పుందో అనుకుంటాను.