మళ్ళీ జూకా?

"మళ్ళీ జూకా? పోయినేడే గదమ్మా చూసొచ్చింది! అవే పులులు, అవే కోతులు..."

మా వీధిలో నన్ను ఈ మాట అడగని వాళ్ళు లేరు. దర్శిలో ఉండేవాళ్ళకు జూ అంటే పక్క ఊరు కాదు. తిరుపతికి పోవాలన్నా, హైదరాబాదుకు పోవాలన్నా రాత్రంతా ప్రయాణమే. అంత దూరం పోయి, చూసిందే చూసి రావడం ఏంటని వాళ్ళ అనుమానం.

ఒకప్పుడు నాదీ అదే అనుమానం. పిల్లలు చిన్నప్పుడు ఒకసారి హైదరాబాదు నెహ్రూ జూకి వెళ్ళాం. 1963లో మొదలైన జూ అది, 380 ఎకరాలు. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని సింహం నుంచి చిలకల దాకా ఒక్కటీ వదలకుండా పరుగులు పెట్టాం. సాయంత్రానికి కాళ్ళు వాచిపోయాయి. ఇంటికొచ్చాక మా అమ్మాయిని "ఏం చూశావే?" అని అడిగితే "ఐస్‌క్రీమ్ తిన్నా" అంది. నన్ను అడిగినా అంతకంటే గొప్పగా చెప్పగలిగేదాన్ని కాదు.

జూలో ఎలా చూడాలో నాకు నేర్పింది మా అత్తయ్య. ఆమె బడికి పోలేదు. కానీ నలభై ఏళ్ళు బర్రెల్ని మేపింది.

మామయ్య పోయిన ఏడు ఉగాది లోపే ఇంట్లో ఉన్న రెండు బర్రెల్నీ అమ్మేశాం. అందరికీ చెప్పిన కారణం అత్తయ్య మోకాళ్ళు. అది అబద్ధం కాదు. కానీ నా మనసులో ఇంకో కారణం ఉంది. తెల్లవారుజామున లేవడం, పేడ తీయడం, ఈగలు, ఏ పెళ్ళికి పోయినా పాలు పిండే వేళకు ఇంటికి పరుగెత్తడం... వీటితో విసిగిపోయాను. బర్రెలు వెళ్ళిపోయిన మర్నాడు ఆరింటి దాకా నిద్రపోయాను. ఎంత హాయిగా ఉందో!

అత్తయ్యకు మాత్రం నాలుగున్నరకే మెలకువ వచ్చేది. లేచి వసారాలో తిరిగేది. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా, మళ్ళీ అక్కడి నుంచి ఇక్కడికి. కంచంలో అన్నం సగం వదిలేసేది. ఒంగోలు తీసుకెళ్ళి పరీక్షలన్నీ చేయించాం. ఏ జబ్బూ లేదన్నారు. "ఇన్నాళ్ళూ చేసింది చాలమ్మా, హాయిగా కూర్చో" అనేవారు మా వారు. నేనూ అదే అనేదాన్ని. ఆమెను బాగా చూసుకుంటున్నామనే అనుకున్నాం.

రెండేళ్ళ కిందట మే నెలలో అందరం తిరుపతి వెళ్ళాం. దర్శనం అయిన మర్నాడు పిల్లలు జూ అని పట్టుబట్టారు. శేషాచలం కొండల కింద ఉన్న శ్రీవేంకటేశ్వర జూ, 1987లో మొదలైంది. లాడ్జిలో కూర్చుంటానంది అత్తయ్య. ఒక్కదాన్నే వదల్లేక బలవంతంగా తీసుకెళ్ళాం.

మే నెల ఎండ సంగతి మన ప్రకాశం వాళ్ళకు చెప్పక్కర్లేదు. తొమ్మిదింటికే నేల కాలిపోతోంది. జంతువులన్నీ నీడకు చేరాయి. పిల్లలకు విసుగొచ్చింది. "ఏదీ లేవడం లేదు, అన్నీ పడుకునే ఉన్నాయి" అని గొడవ. మనలాగే వాటికీ వేసవి వేసవే కదా. అందుకే జూల వాళ్ళు నీళ్ళు చిమ్ముతారు, తడికెలు కడతారు, పుచ్చకాయలు కోసి పెడతారు, పళ్ళను ఐసుగడ్డలో పెట్టి ఇస్తారు.

అత్తయ్య మాత్రం దుప్పుల దగ్గర ఆగిపోయింది. చెట్టు కింద పడుకుని ఉన్న వాటినే చూస్తోంది. కాసేపయ్యాక "ఆ చివరి దాన్ని చూడు. అన్నీ నెమరేస్తుంటే అదొక్కటే వేయట్లేదు. చూలుతో ఉన్నట్టుంది" అంది. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి. పక్కనే నిలబడి చూశాను. పది నిమిషాలకు ఆమె చెప్పిన తేడా కనబడింది. చెవులు ఎటు తిప్పుతున్నాయి, ఏది ఏ కాలి మీద బరువేస్తోంది, పేడ గట్టిగా ఉందా జారుగా ఉందా, అన్నీ చూస్తోంది ఆమె. నెలల తరబడి వసారా గోడనే చూసిన కళ్ళు అవి.

తర్వాత ఎలుగుబంటి దగ్గరికి వచ్చాం. అది పడుకోలేదు. గోడ పక్కనే అటూ ఇటూ తిరుగుతోంది. ఒకే దారి, ఒకే చోట మలుపు. పిల్లలు "డాన్స్ చేస్తోంది" అని నవ్వారు. అత్తయ్య నవ్వలేదు.

"దానికి పని లేదే, అందుకే తిరుగుతోంది" అంది.

అత్తయ్య పుట్టిల్లు యర్రగొండపాలెం, దోర్నాల మధ్య, నల్లమల అంచున ఉన్న చిన్న పల్లె. చిన్నప్పుడు ఎలుగులు చేల దాకా వచ్చేవట. నడుస్తూ చెప్పుకుపోయింది. "ఎండలు ముదిరే వేళకు ఇప్పపూలు రాలతయ్. తెల్లారకముందే వచ్చి ఏరుకుంటది. జ్యేష్ఠంలో నేరేళ్ళు. వానలు పడితే పుట్టలు మెత్తబడతయ్, తవ్వుకుంటది. చలికాలం రేక్కాయలు. తేనె ఎక్కడుంటే అక్కడికి చెట్టెక్కుద్ది. దానికి ఏడాది పొడుగునా పనేనే."

అక్కడ పనిచేసే ఆయన ఒకరు ఈ మాటలు విని ఆగారు. మేత వేళ దగ్గర పడితే ఇలాగే తిరుగుతుందని చెప్పారు. ఎలుగుకు పై పలువరసలో ముందరి రెండు పళ్ళు ఉండవట. ఆ సందులోంచి చెదల్ని పీల్చుకుంటుందట, ఆ చప్పుడు చాలా దూరం వినబడుతుందట. అత్తయ్య వెంటనే "మా చేలోకి వినబడేది" అంది. ఆయన సంబరపడి ఇంకా చెప్పారు. తిండి ఒక్కచోట పెడితే నిమిషాల్లో తినేసి ఖాళీగా ఉంటుంది. అదే తిండిని మొద్దు తొర్రల్లో, రాళ్ళ సందుల్లో దాచిపెడితే వెతుక్కుంటూ పూట గడుపుతుంది. అందుకే ఏ జూలోనైనా అలాంటి పనులు కల్పిస్తారట.

"అదీ మాట. ముద్ద పెడితే సరిపోద్దా? పని గూడా పెట్టాల" అంది అత్తయ్య.

ఆమె ఎలుగుబంటి గురించే అంది. ఎవరినీ దెప్పే మనిషి కాదు. కానీ ఆ రాత్రి ఒంగోలులో దిగి దర్శి బస్సులో కూర్చున్నాక ఆ మాట నన్ను వదల్లేదు. కళ్ళు మూసుకుంటే ఎలుగు కనబడలేదు. మా వసారా కనబడింది. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా.

మర్నాడు మా వారితో "ఒక బర్రెను తెచ్చుకుందామా?" అన్నాను. "అరవై ఎనిమిదేళ్ళ మనిషి చేత పేడ తీయిస్తే ఊరు నవ్వదూ? ఆ మోకాళ్ళతోనా?" అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. నిజం చెప్పాలంటే, ఆయన వద్దన్నందుకు నాకు లోపల హాయిగానే అనిపించింది. ఆరింటి దాకా నిద్ర పోదు కదా! ఆ హాయికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శ్రావణంలో కారు మాట్లాడుకుని శ్రీశైలం వెళ్ళాం. మార్కాపురం దాటి దోర్నాల వచ్చేసరికి సన్నగా జల్లు. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఇది. దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఒకటి. రాత్రి తొమ్మిది దాటితే దోర్నాల గేటు మూసేస్తారు, తెల్లారే దాకా బళ్ళు పోనివ్వరు. దారిలో తుమ్మలబైలు దగ్గర జీపులో అడవిలోకి తీసుకెళ్ళే సఫారీ ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా అది కూడా ఉండదు. జంతువులు జతకట్టి పిల్లల్ని పెట్టే కాలమని ఆపేస్తారు. పిల్లలు డీలా పడ్డారు. "వానల్లో వాటి కాపురాలు వాటివి, మనం పోయి తలుపు కొట్టకూడదు" అంది నానమ్మ.

వేసవిలో ఇదే దారిలో వెళ్ళినప్పుడు మోడుల తప్ప ఏమీ చూడలేదు. ఎండాకాలం అడవిలో అక్కడక్కడా పళ్ళేల్లాంటి తొట్లు కట్టి, ట్యాంకర్లతో నీళ్ళు పోస్తారు. ఇప్పుడేమో బండల మీంచి కూడా నీళ్ళు జారుతున్నాయి. ఎటు చూసినా ఆకే. జంతువులు పెద్దగా కనిపించలేదు. ఒక మలుపులో కారు నెమ్మదించినప్పుడు అత్తయ్య కిటికీలోంచి వేలు చూపించింది. ఒక పుట్ట. ఒక పక్క అంతా తవ్వి ఉంది, ఎర్రమట్టి ఇంకా తడిగా ఉంది.

"రాత్రి వచ్చి పోయిందిరా మీ ఎలుగు" అంది పిల్లలతో. పిల్లలు ఆ పుట్టను చూసినంత ఆశ్చర్యంగా జూలో సింహాన్ని కూడా చూడలేదు.

తిరుగు దారిలో మార్కాపురం వైపు కాకుండా యర్రగొండపాలెం వైపు తిప్పాం. ఆ రాత్రి అత్తయ్య తమ్ముడి ఇంట్లో పడుకున్నాం. తెల్లవారుజామున మెలకువ వస్తే పక్కన అత్తయ్య లేదు. కంగారుగా బయటికొచ్చాను. గొడ్ల కొట్టంలో దీపం వెలుగుతోంది. చీర దోపుకుని, ఒక చేత్తో గుంజ పట్టుకుని, కొట్టం ఊడుస్తోంది. ఏదో చెబుతోంది బర్రెతో. గడపలో మా వారు నిలబడి ఉన్నారు. నాకంటే ముందే లేచినట్టున్నారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ పొద్దున అత్తయ్య మూడు రొట్టెలు తింది.

వారం తిరక్కుండా ఆ ఇంటి పడ్డ ఒకటి మా ఇంటికి వచ్చింది. ఈసారి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. వంగే పని లేకుండా గాడి ఎత్తుగా కట్టించారు మా వారు. కూర్చోవడానికి ఎత్తు పీట చేయించారు. మేత, కుడితి, కడగడం అత్తయ్యవి. పేడ తట్ట నాది. అవును, నాలుగున్నరకే లేస్తున్నాను. వేకువ చలిలో ఇద్దరం పడ్డను మధ్యలో పెట్టుకుని చెప్పుకునే కబుర్లు ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చెప్పుకోలేదు. మోకాళ్ళ నొప్పులు పోయాయా అంటే పోలేదు. వసారాలో తిరగడం మాత్రం పోయింది.

డిసెంబరులో నేలపట్టు వెళ్ళాం, నెల్లూరు దాటాక దొరవారిసత్రం దగ్గర. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడ గూడబాతులు, కొంగలు గూళ్ళు పెడతాయి. చెరువులో నీళ్ళలోనే నిలబడ్డ కడప చెట్లు, వాటి నిండా గూళ్ళు. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి వందకు ముందే వదిలేశారు. తల్లి గూడబాతు నోరు తెరిస్తే పిల్ల మెడదాకా లోపలికి దూరి తింటోంది. పక్షులు వస్తే వానలు బాగా పడ్డట్టేనని అక్కడి ఊళ్ళవాళ్ళ నమ్మకం. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలానికి ఎరువుతో సమానం, అందుకే రైతులు వాటి జోలికి పోరు. "తెలివిగల ఊరు" అని మెచ్చుకుంది అత్తయ్య.

అక్కడి నుంచి పులికాట్‌లో ఫ్లెమింగోలను చూసి, రాత్రికి సూళ్ళూరుపేటలో ఉందామనుకున్నాం. అత్తయ్య ఒప్పుకోలేదు. పక్కింటివాళ్ళు మేత వేస్తారన్నా వినలేదు. "దానికి నా చెయ్యే అలవాటు" అని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి పడ్డ ఎలా ఉందో కనుక్కుంది. ఫ్లెమింగోలు వచ్చే ఏటికి మిగిలాయి. ఏ మాటకా మాట, ఇంటికి తొందరపడే అత్తయ్యను చూసి నాకు ఒక్క పిసరు కూడా విసుగు రాలేదు.

మీలో ఎవరైనా పిల్లలతో, పెద్దలతో వెళ్ళేటట్టయితే నాకు తెలిసింది నాలుగు ముక్కలు చెబుతాను. గేటు తెరిచే వేళకే వెళ్ళండి, ముఖ్యంగా ఎండాకాలంలో. చాలా జూలకు వారంలో ఒకరోజు సెలవు ఉంటుంది, హైదరాబాదు జూకి సోమవారం. ముందే కనుక్కోండి. అన్నీ చూడాలని పరుగెత్తకండి. నాలుగైదు చోట్ల అరగంట చొప్పున నిలబడితే చాలు. అరవకండి, మీ చేతిలోది పెట్టకండి. వాటికి తిండి తక్కువై కాదు. కుదిరితే అదే జూకి ఇంకో కాలంలో మళ్ళీ వెళ్ళండి.

మేమూ అదే చేశాం. మొన్న ఫిబ్రవరిలో మళ్ళీ తిరుపతి. పొద్దున్నే, ఇంకా చలి ఉండగానే జూలోకి వెళ్ళాం. వేసవిలో పడుకున్న దుప్పులు ఇప్పుడు ఎండ కాగుతూ నిలబడ్డాయి. అత్తయ్య ఎక్కడా ఆగకుండా నేరుగా ఎలుగుబంటి దగ్గరికి నడిచింది. అది మొద్దు మీదికి ఎక్కి, తొర్రలోకి మూతి పెట్టి, గోళ్ళతో ఏదో లాగుతోంది. మా వైపు చూడనైనా లేదు. చాలాసేపు నిలబడ్డాం.

"ఇవాళ పనిలో ఉంది" అంది అత్తయ్య తృప్తిగా. తర్వాత నా వైపు తిరిగి, "పదవే, సాయంత్రం బస్సు ఎన్నింటికి?" అంది.