మైకు అందని సాక్ష్యం

మా చెల్లెలు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో నైట్ షిఫ్టు చేస్తుంది. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, కొండాపూర్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్స్ మూడో అంతస్తులో జరిగే ఆరాధనకి వెళ్తుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా బండరాళ్ళే. ఇప్పుడు ఒంగోలు నుంచీ ఏలూరు నుంచీ వచ్చిన పిల్లలు ఇలాంటి అద్దె హాళ్ళలో మోకరిస్తున్నారు. నాకు దేవుడితో చాలాకాలంగా మాటల్లేవు. అమ్మ హైదరాబాదు వచ్చినప్పుడు మాత్రం తోడు వెళ్తాను.

అక్కడ సాక్ష్యాల సమయం ఒకటుంటుంది. ఒకమ్మాయికి హెచ్ వన్ బి వచ్చింది. ఒకతనికి ఆర్నెల్లు బెంచి మీదున్నాక ప్రాజెక్టు దొరికింది. ఒకావిడకి పదేళ్ళకి కడుపు పండింది. అందరూ స్తోత్రం అంటారు. వాళ్ళ సంతోషాన్ని నేను వెక్కిరించను. కానీ కొన్నాళ్ళు చూశాక ఒక సంగతి తెలిసింది. కష్టం తీరినవాళ్ళ చేతికే మైకు వస్తుంది. తీరనివాళ్ళది ప్రార్థన మనవుల పెట్టెలో చీటీగా ఉండిపోతుంది. మా చెల్లి చీటీ నాలుగేళ్ళు ఆ పెట్టెలో పడింది. ‘కుటుంబ సమాధానం కోసం’ అని రాసేది. మొగుడు కొడుతున్నాడని రాయలేదు.

ఒకరోజు చిట్లిన పెదవి చూసి పాస్టరుగారు పిలిచారు. యోబు కథ చెప్పి, ‘ఇది నీకు శోధనమ్మా, నీ ఓర్పే అతన్ని మారుస్తుంది’ అన్నారట. ఆడవాళ్ళకి ఓర్పు నేర్పడానికి యోబుని తీసుకురావడం నాకెప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది. ఆయన కిక్కురుమనకుండా భరించింది మొదటి రెండు అధ్యాయాల్లోనే. మూడో అధ్యాయానికల్లా తను పుట్టిన దినాన్నే శపిస్తాడు. తర్వాత దేవుణ్ణే వాదనకి రమ్మంటాడు. ఏదో పాపం చేసే ఉంటావని నీతులు చెప్పిన స్నేహితుల మీదే చివరికి దేవుడికి కోపం వస్తుంది. ఇక ఆయన భార్య. పోయిన పదిమంది పిల్లలూ ఆమె పిల్లలు కూడా. ఆమెకి పేరు లేదు. ఒక్కసారి నోరు విప్పి, మూర్ఖురాలిలా మాట్లాడకని మొగుడి చేత అనిపించుకుంది.

చర్చి సరే, చట్టమూ అలాగే ఉండేది. 1869 విడాకుల చట్టంలో క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకి అది చాలదు, దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో చూపించాలి. ఒట్టి దెబ్బలకైతే విడిగా ఉండడానికి అనుమతి దొరికేది గానీ విడాకులు దొరికేవి కావు. కేరళ హైకోర్టు 1995లో దీన్ని తప్పుబట్టినా, దేశమంతటా మారడానికి 2001 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

అమ్మకి చెప్పాలంటే భయమేసింది. ‘దేవుడు చూస్తాడు’ అనేస్తుందని. ఆసుపత్రిలో ఆయాగా చేసి మమ్మల్ని చదివించినన్నాళ్ళూ ఆ మాట మీదే బతికింది మరి. మాది ఒంగోలు దగ్గర మాదిగపల్లె. 1876-78 కరువులో మావాళ్ళు క్లౌ దొర కింద బకింగ్‌హాం కాలువ తవ్వారు. గంజి కోసం మతం పుచ్చుకున్నారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నిజానికి కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది మునిగారు. అమ్మకి ఆ అంకె కంఠతా. ‘అన్నం కోసమైతే కాలవ కాడే మునిగేవాళ్ళం’ అంటుంది.

అమ్మ అంతా విని ఏమీ అనలేదు. మర్నాడు బస్సెక్కి వచ్చి చెల్లి ఎదురుగా కూర్చుంది. ‘దేవుణ్ణి నమ్ముకోమన్నానే గానీ, వాణ్ణి నమ్ముకోమన్నానంటే?’ అంది. ఆ సాయంత్రం ఇద్దరూ రెండు సూట్‌కేసులతో మా ఇంటికొచ్చారు. గృహహింస చట్టం కింద కేసు వేశాం. వాయిదాల మీద వాయిదాలు. నేనుండబట్టలేక, ఆ నాలుగేళ్ళూ నీ దేవుడేం చేస్తున్నాడని అడిగాను. ‘నేనూ రోజూ అదే అడుగుతున్నా’ అంది అమ్మ, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ.

మొన్నామధ్య ఆదివారం సాక్ష్యాలప్పుడు అమ్మ లేచి నిలబడింది. మైకు పట్టుకున్న కుర్రాడు పాస్టరుగారి వంక చూశాడు. ఈలోపే మొదలుపెట్టేసింది. ‘నా కూతురు మొగుణ్ణి వదిలేసి వచ్చేసిందయ్యా. నేనే తీసుకొచ్చా. కేసు ఇంకా తేలలా. దానికి రాత్రిళ్ళు నిద్ర పట్టడంలా. అయినా దేవుడి మీద నమ్మకం పెట్టుకునే ఉన్నా. ఇదీ సాక్ష్యమే.’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక వరసలోంచి ఒక ఆడగొంతు స్తోత్రం అంది, నెమ్మదిగా. చెల్లి తల వంచుకునే ఉంది. సిగ్గో, ఏడుపో నాకు తెలీలేదు, అడగలేదు కూడా.

కిందికి దిగాక లిఫ్టు దగ్గర ఒకమ్మాయి, మెడలో ఇంకా ఆఫీసు ఐడీ కార్డు తియ్యలేదు, అమ్మ ఫోన్ నంబరు అడిగింది. అమ్మకి తన నంబరు గుర్తుండదు. నాది ఇచ్చాను.