మాంత్రికుడికి ఒక్క మంత్రం, దుబాసికి మూడు ప్రశ్నలు

పులిజూదంలో పులులు 3, మేకలు 15. అవి నిలిచే స్థానాలు 23. పులికి మేకమీదుగా దూకి చంపే శక్తి ఉన్నది. మేకకు గుంపుగా నిలిచి దారి మూయడం తప్ప మరే శక్తీ లేదు. ఇంత అసమానమైన రెండు పక్షాలను ఎదురెదురుగా కూర్చోబెట్టిన మన పెద్దల ధైర్యం నాకెప్పుడూ ఆశ్చర్యమే. ఆరంభంలో పులిదే రాజ్యం; మేకలన్నీ దిగి, ఒకదాని వెనుక ఒకటి నిలిచిన తరువాత పులికి కదలడానికి చోటుండదు. మా బళ్లారి వైపు కన్నడ పిల్లలు దీనిని ఆడు–హులి ఆట అంటారు. 2021 వరకు మా జిల్లాలోనే ఉండిన హంపిలో బండలపై చెక్కిన ఆటల గళ్ళు నేటికీ కనబడతాయి.

ఇటువంటిదే నేపాలులోని బాగ్‌చాల్. అక్కడ పులులు 4, మేకలు 20. ఇరుపక్షాలూ పొరపాటు చేయకుండా ఆడితే ఆ ఆట ఎవరి గెలుపూ లేకుండా ముగుస్తుందని లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు 2000ల దశకంలో కంప్యూటరు సాయంతో నిరూపించారు. అంటే సమతూకానికి ఇద్దరి చేతా ఒకే బలం ఉండనక్కరలేదు.

ఈ సంగతి తెలుగు తరగతికి ఎందుకంటారా? శనివారం చివరి పీరియడులో నేను పిల్లలచేత కథల ఆట ఆడిస్తున్నాను. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ 1974లో వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దీనికి మూలం. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు నాకు నేర్పాడు. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరిస్తారు. ఒకరు కథ నడుపుతారు. చేయదలచినది నోటితో చెప్పాలి. అది నెరవేరినదీ లేనిదీ పాచిక చెబుతుంది. నాటకాల ఊరివాళ్ళం, బళ్లారి రాఘవ నడిచిన నేల మాది. పాత్ర ధరించడమంటే మా పిల్లలకు వేరుగా నేర్పనక్కరలేదు.

పాత్రలు పంచేటప్పుడే చిక్కు వచ్చింది. అందరికీ మాంత్రికుడే కావాలి! ఆ తొలి పుస్తకాలలో మూడే రకాలు: వీరుడు, మాంత్రికుడు, పూజారి. దొంగ 1975లో చేరాడు. మాంత్రికుడు చివరికి అందరినీ మించిపోతాడు గనుక మొదట అతనిని కట్టివేశారు. ఆరంభంలో రోజుకు ఒక్క మంత్రమే. కవచం తొడగరాదు, బాకు తప్ప ఆయుధం పట్టరాదు. రెండవ మెట్టు ఎక్కడానికి వీరుడికి 2000 అనుభవ పాయింట్లు చాలు, మాంత్రికుడికి 2500 కావాలి, దొంగకు 1200 చాలు. లెక్క బాగానే ఉన్నది. కాని కథలో పదినెలల తరువాత వచ్చే బలాన్ని చూపి ఈ శనివారం ఊరక కూర్చోమంటే ఏ పిల్లవాడు కూర్చుంటాడు?

మా తరగతిలో ఆటకన్నా పెద్ద చిక్కు భాషది. ధారాళంగా మాట్లాడగల పిల్ల మాంత్రికురాలై వాక్యాలకు వాక్యాలు చెబుతుంది. మాట తడబడే పిల్లవాడు వీరుడై "నరుకుతా సార్" అని పాచిక వేసి కూర్చుంటాడు. కత్తి బలంలో ఇద్దరూ సమానమే కావచ్చు. గంట ముగిసేసరికి ఒకరు రెండువందల మాటలు పలికితే రెండవవారు పది. తెలుగు పీరియడులో తూచవలసింది ఈ మాటలనే గదా! తెలుగు విభాగంలో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. మౌనంగా కూర్చున్నవాడే మరుసటి ఏడు సెక్షను మారి వెళ్ళిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

అందువల్ల ఒక పాత్రను మేమే కల్పించుకున్నాము: దుబాసి. ఇంట్లో కన్నడం మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకునే ఒక బాలికకు అది ఇచ్చాను. కథలో బృందం చేరిన ఊరివాళ్ళకు కన్నడం తప్ప రాదు. నేను ఊరి గౌడనై కన్నడంలో మాట్లాడితే ఆమె విని తెలుగులో చెప్పాలి. "సార్, నీళ్ళిస్తారంట, రాత్రికి మాత్రం ఊళ్ళో ఉండొద్దంటున్నారు" అన్నది. కత్తివీరుడూ మాంత్రికురాలూ ఆమె నోటివైపే చూశారు. నిజానికి వాళ్ళకూ కన్నడం బాగా వచ్చు! పాత్రకు రాదు గనుక నోరు మూసుకున్నారు.

తరువాతి వారం అందరూ దుబాసులే అవుతామన్నారు. అప్పుడు పగ్గం వేశాము: ఒక ఊరిలో దుబాసి మూడు ప్రశ్నలే అడగవచ్చు. ఏమి అడగాలో బృందమంతా తెలుగులో తర్కించుకోవాలి. వీరుడికి మరో నియమం: దెబ్బ ఎక్కడ, ఎలా వేశాడో పూర్తి వాక్యంలో చెబితే పాచికపై ఒకటి కలుపుతాము. "నరుకుతా" అంటే కలపము.

ఒక తండ్రిగారు, గడియారం పెట్టి అందరికీ సమానంగా సమయం ఇవ్వరాదా అండీ, అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఆటవారే 2008లో నాలుగవ కూర్పు తెచ్చి, అన్ని పాత్రలకూ శక్తులను ఒకే పద్ధతిలో అమర్చారు. తూకం మెరుగుపడింది గాని, ఎవరి పాత్ర చూసినా ఒకేలా ఉందని చాలామంది పెదవి విరిచారు. 2014లో వచ్చిన అయిదవ కూర్పు ఆ పద్ధతిని విడిచింది. గడియారం పెడితే మా దుబాసికీ ఆ రెండు నిమిషాలే దక్కుతాయి. ఆ రెండు నిమిషాలలో ఆమె అవసరం ఎవరికీ ఉండకపోవచ్చు. ఆయనకు అదే మనవి చేశాను. పూర్తిగా ఒప్పుకున్నట్లు లేదు.

వైద్యుడి పాత్ర మాత్రం ఇంకా ఎవరూ కోరడం లేదు. ఇతరులకు కట్టుకట్టి కూర్చోవడం పిల్లలకు విసుగు. వచ్చే శనివారం నుంచి గాయపడినవాడు నొప్పి ఎక్కడో చెప్పడు. మడమా, పిక్కా, మోకాలిచిప్పా, తుంటా అని వైద్యుడే అడిగి తెలుసుకోవాలి. సరైన పేరు పలికితేనే గాయం మానుతుంది.