పళ్లెం మోసిన విమానం

తిరుపతి నుంచి చెన్నైకి రైల్లో వెళ్లేవాళ్లకి అరక్కోణం జంక్షన్‌ బాగా తెలిసిందే. అక్కడ నౌకాదళానికి ఓ విమాన స్థావరం కూడా ఉంది. పేరు ఐఎన్‌ఎస్‌ రాజాళి. 1999 జనవరి 11 సాయంత్రం ఓ విమానం అక్కడ దిగాల్సి ఉంది... దిగలేదు.

చూడ్డానికి అది మామూలు ఆవ్రో విమానమే. కాకపోతే వీపుమీద సుమారు 24 అడుగుల వెడల్పున పెద్ద పళ్లెం! గుండ్రంగా తిరిగే ఆ పళ్లెంలోనే రాడార్‌ ఉంటుంది.

ఎందుకంత తిప్పలంటారా? నేలమీది రాడార్‌కి భూమి వంపే అడ్డం. బాగా కిందుగా ఎగురుతూ వచ్చే శత్రు విమానం దగ్గరకొచ్చేదాకా దానికి కనపడదు. అదే రాడార్‌ని ఆకాశంలోకి ఎక్కిస్తే? వీధిలో నిలబడి చూడ్డానికీ డాబా ఎక్కి చూడ్డానికీ ఉన్నంత తేడా. అమెరికా, రష్యాల దగ్గర అలాంటి విమానాలు ముందే ఉన్నాయి. మనమూ సొంతంగా చేసుకుందామని 1980ల్లో డీఆర్‌డీవో తలకెత్తుకున్న పని ఇది. 'ఐరావత్‌' అని పేరు పెట్టుకున్నారు. ఇంద్రుడి ఏనుగు మరి!

ఆరోజు బెంగళూరు నుంచి రెండు విమానాలు బయల్దేరాయి. ముందు ఏఎన్‌-32, వెనక ఆవ్రో. మొదటిదాన్ని రెండోదాని రాడార్‌ పసిగట్టాలి... అదీ పరీక్ష. గంటన్నర సేపు జరిగింది. రాడార్‌ బ్రహ్మాండంగా పనిచేసింది. అందరికీ సంతోషం. ఏఎన్‌-32 అరక్కోణంలో క్షేమంగా దిగింది. ఆవ్రో కూడా కిందికి దిగుతోంది. ఇంకో తొమ్మిది, పది కిలోమీటర్లుందనగా వీపుమీది పళ్లెం ఊడిపోయింది. విమానం అదుపు తప్పి కూలిపోయింది. అందులోని ఎనిమిదిమందిలో ఒక్కరూ మిగల్లేదు.

అప్పట్లో డీఆర్‌డీవో అధిపతి అబ్దుల్‌ కలాం. ఆ కుటుంబాలను కలవడానికి ఆయన బెంగళూరు వెళ్లారు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఓ ఇల్లాలు, ఈ పసిప్రాణానికి ఇక దిక్కెవరని అడిగింది. మాకెందుకిలా చేశారని మరొకామె నిలదీసింది. 'ఇగ్నైటెడ్‌ మైండ్స్‌' పుస్తకంలో కలాం ఆ సంగతి రాసుకున్నారు. ఆ ప్రశ్నకి ఎంత పెద్ద శాస్త్రవేత్త మాత్రం ఏం చెప్పగలడు?

ప్రాజెక్టు ఆగిపోయింది. నాలుగు నెలలకే కార్గిల్‌ యుద్ధం వచ్చింది. చివరికి రష్యా విమానాల మీద ఇజ్రాయెల్‌ రాడార్లు అమర్చిన ఫాల్కన్‌లను మన వైమానిక దళం కొనుక్కోవాల్సి వచ్చింది. వాటిలో మొదటిది 2009లో అందింది.

అలాగని బెంగళూరు ల్యాబ్‌కి తాళం పడలేదు. 2004లో ప్రభుత్వం మళ్లీ సరేనంది. ఈసారి బ్రెజిల్‌ నుంచి ఎంబ్రాయర్‌ జెట్‌ విమానాలు తెప్పించారు. తిరిగే పళ్లెం జోలికే పోలేదు. వీపుమీద కదలకుండా ఉండే పొడవాటి పలకలాంటిది బిగించారు. అందులోంచి వెలువడే రాడార్‌ కిరణాలే ఎలక్ట్రానిక్‌ పద్ధతిలో దిశ మార్చుకుంటాయి. 'నేత్ర' పేరుతో ఆ విమానం 2017లో వైమానిక దళంలో చేరింది.

ఆ చంటిబిడ్డకి అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండి ఉంటాయి.