యానాములో ద్రాక్షాసవము

కాకినాడనుండి కోరంగి, తాళ్లరేవుల మీదుగా దక్షిణమునకు బోవువారికి బాటపొడవునను వరిచేలును, కొబ్బరితోటలును, చేపలచెరువులును కనుపట్టును. ఇంచుమించు ముప్పది కిలోమీటర్లు గడచినపిదప నొక హద్దు వచ్చును. నేల మారదు, నీరు మారదు, జనుల మాట మారదు. మారునది ప్రభుత్వ మొక్కటే. గౌతమీ గోదావరినుండి కోరంగిపాయ చీలుచోట నున్న ఆ యూరే యానాము.

1723లో ఫ్రెంచివారు బట్టల వర్తకమునకై యిచ్చట స్థానము నేర్పరచుకొనిరి. నడుమ ఆంగ్లేయులు పలుమారులు లాగికొన్నను, యానాము మరల మరల ఫ్రెంచివారికే చెందుచు వచ్చెను. 1954 జూను 13న స్వాతంత్ర్యవాదులు దానిని వశపరచుకొనిరి. ఆ యేటి నవంబరు 1న పరిపాలనము భారత ప్రభుత్వము చేతికి వచ్చెను. చట్టరీత్యా బదిలీ 1962లో ముగిసెను. చుట్టును ఆంధ్రదేశమే యున్నను, యానాము నేటికిని పుదుచ్చేరి పాలనలోనిదే.

రెండువందల యేండ్లకు పైబడి ఫ్రెంచివారి పేర నున్న యూరు గదా, వారి జగత్ప్రసిద్ధమైన ద్రాక్షాసవపు జాడ యిచ్చట నేమైనను నిలిచినదా యని తెలిసికొన గోరుట సహజము. యానాము బజారులో మద్యపు దుకాణములకు కొదువ లేదు. పుదుచ్చేరి సుంకము తక్కువ యగుటచే సరకు చౌక. పొరుగు జిల్లాలవారు పనిగట్టుకొని వత్తురు. కాని వారు కొనిపోవునది చాలవరకు బ్రాందియు, విస్కీయు, రమ్మును, బీరును. మన తెలుగు పట్టణములలోని ‘వైన్స్’ అను పలకల సంగతియు నిట్టిదే. పలకమీద ద్రాక్షరసము, లోపల బ్రాంది! ఇంత విచిత్రమైన నామకరణము మరి యే వ్యాపారమునను నేను చూడలేదు. ద్రాక్షాసవమున మద్యసారము నూటికి పండ్రెండు మొదలు పదునాలుగు పాళ్లుండగా, మన దేశపు బ్రాందీలోను విస్కీలోను నది 42.8 పాళ్లు. పేరొక్కటియే యైనను మత్తు మూడింతలు.

ఫ్రాన్సున ద్రాక్షాసవము భోజనపు బల్లపై రొట్టె ప్రక్కన నుండు వస్తువు. దానిని రుచిచూచుట కొక పద్ధతి కలదు. గాజుపాత్రలో మూడవవంతునకు మించకుండ పోసి, తెల్లని గుడ్డ కెదురుగా వంచి రంగు చూతురు. ఎఱ్ఱనిది పాతబడినకొలది ఇటుకరంగునకు తిరుగును. తెల్లనిది పాతబడినకొలది బంగారువన్నె కెక్కును. పిమ్మట పాత్రను మెల్లగా త్రిప్పి వాసన చూతురు. పిదప నొక గుక్క నోట బట్టి నాలుకపై నన్నివైపులకు పారించి, తీపి యెంత, పులుపెంత, వగ రెంత యని విచారింతురు. పరీక్షకులైనవారు దానిని మ్రింగకయే యుమిసివేయుదురు. రుచి తెలియుటకు మత్తుతో పని లేదు గదా!

ఈ వగరనునది గమనింపదగినది. ఎఱ్ఱని ఆసవమునకు వగరు ద్రాక్ష తొక్కనుండియు, గింజలనుండియు వచ్చును. వక్క నమలినపుడును, పచ్చి యరటికాయ కొరికినపుడును నాలుక బిగిసినట్లగునే, అదియే యిది. తెల్లని ఆసవమునకు రసమును పిండి తొక్కను వెంటనే తీసివేయుదురు గనుక దానికి వగ రుండదు. షడ్రుచులలో కషాయమును లెక్కించిన మన యిల్లాండ్రకు దీని నొకరు బోధింప నక్కరలేదు. ఆవకాయజాడీ మూత తీసి వాసనచేతనే ఉప్పు చాలినదో లేదో చెప్పగల స్త్రీకి ఫ్రెంచి పరీక్షకుని విద్య దూరమైనది కాదు. అంతేకాదు, పులిసిన రసము మన యిండ్లకు క్రొత్తయు కాదు. ద్రాక్షారిష్టమును, బాలింతలకిచ్చు దశమూలారిష్టమును సీసాలో చేరువఱకు పులియుట చేతనే సిద్ధమగుచున్నవి. తాటికల్లు సంగతి చెప్పనే యక్కరలేదు. తెల్లవాఱుజామున లొట్టి దింపినపుడు తేనెవలె నుండు రసము మధ్యాహ్నమునకు నురుగులు గ్రక్కి పుల్లబడును. ద్రాక్షరసమును పులియజేయునదియు నట్టి సూక్ష్మజీవియే. తీపిని తిని మద్యసారమును, వాయువును విడుచును.

ఏ యూరి ద్రాక్షకు ఆ యూరి రుచి యుండునని ఫ్రెంచివారు గట్టిగా నమ్ముదురు. బోర్డో ఆసవ మన్నను, బుర్గోన్ ఆసవ మన్నను ముందు నేల పేరే చెప్పుదురు, పిదపనే ద్రాక్షజాతి. యానామువారు దీనిని విని నవ్వరు. సముద్రమున విలసగా నున్న చేప వఱదనీటి కెదురీది గోదావరిలో ప్రవేశించినంతనే పులస యగుననియు, దాని రుచి వేరగుననియు వారికి చిన్ననాటినుండియు తెలియును. శ్రావణ భాద్రపదములలో యానాము రేవున పులసను వేలము వేయుదురు. ఒక్కొక్క చేప వేలకొలది రూపాయలు పలుకును. పుస్తె లమ్మియైనను పులస తినవలె నను సామెత యీ సీమలో పుట్టినదే. అది వేడుకమాట. ఏ యిల్లాలును పులసకొఱకు పుస్తె లమ్మినట్లు వినలేదు. సీసాకొఱకు అమ్మబడిన పుస్తెలు మాత్రము ప్రతి గ్రామమునను కలవు.

షాంపేను విషయము వేరుగా చెప్పవలెను. పారిసునకు ఈశాన్యమున రాన్సు, ఎపర్నే పట్టణముల చుట్టునున్న సీమ పేరది. అచ్చటి ద్రాక్షతో అచ్చటనే చేసినదానికి తప్ప ఆ పేరు చెల్లదు. అది మన డెల్టావలె ఒండ్రుపట్టిన నేల కాదు, సుద్దనేల, చలిసీమ. మన వరికి కావలసిన సారమంతయు ఆ ద్రాక్షకు చెరుపే. తీగ కొంత కష్టపడిననే కాయకు రుచి యందురు. సిద్ధమైన ఆసవమును సీసాలో పోసి, కొంచెము చక్కెరయు, పులియజేయు సూక్ష్మజీవులను జేర్చి బిరడా బిగింతురు. లోపల రెండవమారు పులియునపుడు పుట్టిన వాయువు వెలికి పోవ దారిలేక రసముననే యణగియుండును. ఆ ఒత్తిడి ఆరు వాతావరణముల వఱకుండును. మోటారుబండి చక్రమున నుండు గాలికి రెండింతలకు పైమాట. సుద్దరాతి నేలమాళిగలలో తక్కువపక్షము పదునైదు నెలలు నిలువ యుంచుదురు.

చిక్కంతయు మడ్డితో వచ్చినది. మడ్డిని తీయ బిరడా విప్పిన బుడగలు పోవును. తీయకున్న రసము మసకబారును. ఈ చిక్కును విప్పిన ఘనత యొక స్త్రీ యింటిది. ఆమె రాన్సు నగరమున 1777లో జన్మించిన బార్బ్ నికోల్ పోన్సర్దాన్. క్లికో అను వర్తకుని పెండ్లాడి, 1805లో ఇరువదియేడవ యేట భర్తను గోల్పోయెను. ఆరేండ్ల కుమార్తె యుండగా మామగారిని ఒప్పించి వ్యాపారమును తానే పూనుకొనెను. నెపోలియను శాసించిన 1804 నాటి ధర్మశాస్త్రము ప్రకారము వివాహిత భర్త యనుమతి లేనిదే వ్యవహరింపరాదు. వితంతువునకు మాత్ర మా స్వేచ్ఛ కలదు. 1816 ప్రాంతమున ఆమె కార్ఖానాలో బల్లకు రంధ్రములు తొలిచి, సీసాలను తలక్రిందుగా నిలిపి, దినదినమును కొంచెము కొంచెముగా త్రిప్పు పద్ధతి ఏర్పడెను. మడ్డి మెల్లగా మెడలోనికి జాఱును. అపుడు బిరడా విప్పిన అదియొక్కటియే బయటికి చిమ్ముకొని వచ్చును. నేటికిని ప్రపంచమున మేలైన షాంపేనుకు మూల మీ ఉపాయమే.

ఆమె సరకు ‘వవ్ క్లికో’ అను పేర నేటికిని విక్రయింపబడుచున్నది. ‘వవ్’ అనగా వితంతువు. సీసాపై ఆ మాటను చూచి శుభకార్యములలోను ఓడల జలప్రవేశములలోను బిరడాలు పేల్చుదురు! మన యూళ్లలో శుభకార్యమునకు బయలుదేరువారు ఎవరి యెదురు పడరాదని తొలగిపోయెదరో, అక్కడ ఆమె పేరే మంగళద్రవ్యము.

ఆ కథ చదివినపుడు యానామునుండి నది వెంబడి యెగువకు, రాజమహేంద్రవరమునకు మనసు పోవును. కందుకూరి వీరేశలింగముగారు ఎందఱెందఱు వెలివేసినను జంకక, 1881 డిసెంబరు 11న అచ్చట తొలి వితంతు వివాహము జరిపించిరి. తరువాత నర్ధశతాబ్దమునకు యానాము చేసిన పని యేమనగా: బాలికలకు పదునాలుగేండ్లు నిండనిదే వివాహము చేయరాదను శారదా చట్టము 1929లో పుట్టి 1930 ఏప్రిలు 1 నుండి యమలులోనికి వచ్చెను. ఆ చట్టము ఫ్రెంచి హద్దులో చెల్లదు. వెంటనే మన సీమనుండి బండ్లుకట్టుకొని పసిపిల్లలను యానామునకు గొనిపోయి పెండ్లిండ్లు చేయసాగిరి. ఆ యూరికి కల్యాణపుర మను పేరు వచ్చునంతటి రద్దీ! ఫ్రెంచివారినుండి నేర్వదగిన విద్య లెన్నో యుండగా మనవారు వాడుకొన్నది వారి హద్దురాతిని.

మద్యము విషయమునను అదే కథ. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్ర మంతటను మద్యనిషేధము వచ్చినది. హద్దున కీవల కల్లుముంత నేరము. ఆవల బ్రాంది వ్యాపారము. మరల 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముమీదికి కదలినపిదప, 1993 అక్టోబరులో సారాయు, 1995 జనవరిలో మద్యమంతయు ఆంధ్రప్రదేశమున నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలెను. ఆ రెండేండ్లును యానాము దుకాణములు తెఱచియే యుండెను. చీపురులు పట్టి దుకాణములు మూయించిన స్త్రీల ధైర్యమునకు ఆ హద్దురాయి యడ్డుపడినది. ఫ్రెంచివారి గాజుపాత్రయు, భోజనముతో మెల్లగా సేవించు మితమును ఆ హద్దు దాటి మన యిండ్లకు రాలేదు. వచ్చినది సీసా యొక్కటియే. మితముగా నైనను మద్యము నిరపాయకర మని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించినది గనుక, ఆ మితమును గూర్చియు అతిగా మురియ బనిలేదు.

యానామున ద్రాక్షాసవము తన మర్యాదతో నిలిచిన చోటొక్కటి కలదు. 1846లో కట్టిన సెయింట్ ఆన్ దేవాలయమున బలిపూజవేళ గురువుగారు పాత్రలో కొంచెము ద్రాక్షాసవము పోసి, అందొక నీటిచుక్క కలుపుదురు. సేవించునది ఒక గుక్క మాత్రమే. ఎవ్వరును తూలరు.

యానాము చూడగోరు సోదరీమణులు వఱదకాలమున, ఉదయముననే రేవునకు పోవలెను. అచ్చట వేలమున పోటీపడి పులసను పాడుకొనువారిలో మత్స్యకార స్త్రీలే ముందుందురు. సముద్రపు విలసను పులస యని యంటగట్టువారు కొల్లలు. ఆ స్త్రీలు చేపను చేతబట్టి, మెరుపు చూచి, మొప్పలెత్తి, వాసన చూచి, నది చేపయో కడలి చేపయో నిమేషమాత్రమున చెప్పుదురు. ధర మాత్రము వారితో బేరమాడి తగ్గించుట ఎవరితరమును కాదు.