మేడారం నుంచి పోచంపల్లి దాకా...

మేడారానికి జాతర లేని రోజుల్లో వెళ్లి చూడండి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి లక్షల జనంతో కిక్కిరిసే గద్దెలు అప్పుడు ప్రశాంతంగా కనిపిస్తాయి. విగ్రహాలుండవు. భక్తులు సమర్పించే బెల్లమే అమ్మవార్లకు 'బంగారం'. కరవు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సేనలు దండెత్తి వస్తే సమ్మక్క, సారలమ్మలు ఆయుధాలు పట్టి ఎదిరించారన్నది ఇక్కడి కథ. సమ్మక్క కొడుకు జంపన్న నేలకొరిగిన సంపెంగవాగే నేటి జంపన్నవాగు.

ఆకలి కడుపులకు కత్తి పట్టడం ఒక్కటే దారా? ఈ ప్రశ్నతోనే హైదరాబాద్‌కు తిరుగు ప్రయాణమయ్యాం. వరంగల్ రోడ్డు మీద బీబీనగర్ దగ్గర పక్కకు మళ్లితే, మరో జవాబు చెప్పే ఊరొకటి ఉంది. అదే భూదాన్ పోచంపల్లి.

అది 1951. భూమి కోసం సాగుతున్న సాయుధ పోరాటంతో తెలంగాణ పల్లెలు అట్టుడుకుతున్నాయి. హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వార్ధా ప్రాంతం నుంచి నడిచే వచ్చిన ఆచార్య వినోబా భావే, ఆ తర్వాత ఈ పల్లెల బాట పట్టారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ తొలి సత్యాగ్రహిగా ఎంచుకున్నది ఈయననే.

ఏప్రిల్ 18న పోచంపల్లి దళితవాడలో కష్టసుఖాలు అడిగితే, 80 ఎకరాలుంటే బతుకుతామన్నారు అక్కడివాళ్లు. సర్కారును అడగడం సరే, ఊళ్లోవాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అన్నారు వినోబా. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. అడిగినదానికన్నా 20 ఎకరాలు ఎక్కువ!

ఆ మాటే వినోబాను పదమూడేళ్లకు పైగా దేశమంతా నడిపించింది. 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చాయి. అయితే వచ్చిందంతా పేదలకు చేరలేదు. కొంత రాళ్లనేల, కొంత తగాదాల్లో చిక్కుకున్న భూమి. ఇచ్చిన మాట ఒక్కరోజు పని. దాన్ని పట్టాగా మార్చి పేదవాడి చేతిలో పెట్టడానికి ఏళ్లు పట్టింది. కొన్నిచోట్ల అదీ జరగలేదు.

వినోబా 1982లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయనకు భారతరత్న ప్రకటించారు. ఇక్కత్ చీరలు కొనడానికి పోచంపల్లి వెళ్లేవారు చాలామందే. ఈసారి వెళ్లినప్పుడు వినోబా మందిరం దగ్గరా కాసేపు ఆగండి. మీ వెంట పిల్లలుంటే ఆ 100 ఎకరాల సంగతి చెప్పండి. చేరని ఎకరాల సంగతీ దాచొద్దు.